వచ్చిపోయేటోళ్ల ముడి

ఆ రోజుల్లో మాకు నెల అనేది గోడమీది క్యాలెండరులో తప్ప ఇంట్లో ఉండేది కాదు. నెలకోసారి జీతం తెచ్చుకునేవాళ్లు స్టేషనులోనో కచేరీలోనో ఉండేవాళ్లు. తాండూరులో మా వాడకట్టంతా బండల పని చేసుకునేవాళ్లమే కనుక మా సంసారం వారపు అంగడితో మొదలై అంగడితో అయిపోయేది. అంగడికి ముందు రోజు పొద్దుమూకినాక మా ఆయన బండల సేటు దగ్గర వారం కూలి హప్తా పైసలు తెచ్చి వాళ్లమ్మ చేతిలో పోసేవాడు. మళ్లీ హప్తా దాకా అవే మా లోకం. ఇప్పుడు ఇంట్లోకి పైసలు ఎటునుంచి వస్తున్నాయో, ఎటు పోతున్నాయో నాకైతే అంతు పట్టదు. అప్పుడు మాత్రం కళ్లకు కనబడేది. నీళ్ల గూనకు పైన, గోడకు కొట్టిన మేకుకు వేలాడుతూ ఉండేది.

అది మా అత్తమ్మ పాత చీర అంచు. జానెడు వెడల్పున చింపి, దానికి వరసగా ముడులు వేసేది. పైన జొన్నల ముడి, దాని కింద ఉప్పు కారం ముడి, తర్వాత దీపాలకు గ్యాస్‌ నూనె ముడి, ఆ తర్వాత కూరగాయల ముడి, అన్నిటికన్నా కింద వచ్చిపోయేటోళ్ల ముడి. అంటే ఇంటికి చుట్టాలు వస్తే చాయకూ, చక్కెరకూ, పోయేటప్పుడు పిల్లల చేతిలో పెట్టడానికీ. (ఇవి కాక అత్తమ్మ బొడ్డులో ఇంకో చిన్న ముడి ఉండేది. ఆకూ వక్కా పొగాకుది. అది మేకు మీదికి ఎక్కేది కాదు, దాని గురించి ఎవరూ అడిగేవాళ్లు కాదు.) ఒక ముడిలో పైసలు ఇంకో ముడికి పోవడానికి లేదు. గ్యాస్‌ నూనె అయిపోతే చీకట్లో తినాలె గానీ జొన్నల ముడి విప్పొద్దు. పైగా ఆమె వేసిన ముడి ఆమె తప్ప ఇంకెవరూ విప్పలేకపోయేవాళ్లు. నోట్లో ఉన్నవి నాలుగు పండ్లే అయినా ఏ కొసను పట్టి గుంజేదో ఏమో, ఒక్క గుంజుకు ముడి ఊడి చేతిలో పడేది.

నేను వికారాబాదు పిల్లను. రెండో క్లాసుతో బడి మానేశాను, కానీ బేరంలో నాకు నేనే కలెక్టరును. పెండ్లయి అత్తగారింటికి వచ్చి ఎండాకాలమూ వానాకాలమూ దాటి చలి మొదలైనా అమ్మను చూసింది లేదు. తాండూరు స్టేషనులో రైలు కూస్తే చాలు, చేతిలో రొట్టె పిండి చేతిలోనే ఉండేది. ఆ రైలు ఎక్కితే వికారాబాదు ఎంతసేపు! కానీ టికెట్టుకు మేకు మీద ముడి లేదు కదా.

అట్లాంటి సమయంలో యాలాల్‌ నుంచి కబురు వచ్చింది. మా ఆడబిడ్డకు నొప్పులు మొదలయ్యేటట్టు ఉన్నాయని. అత్తమ్మ అంగడి రోజు పొద్దున్నే బండి ఎక్కేముందు నన్ను మేకు దగ్గరికి పిలిచింది. అప్పటిదాకా ఆ మేకును నేను ముట్టింది కూడా లేదు.

"పిల్లా, మంచిగ ఇను. పైన నాలుగు ముడులు జర వదులుగ ఏసిన, నీకు ఇప్పొస్తయి. ఏ ముడి ఖర్చు గా ముడికే. గీ కింది ముడి మాత్రం ముట్టకు. నేనొచ్చేదాక గిది గిట్లనే ఉంటే, గీ పైసలు పట్టుకొని మీ అమ్మగారింటికి పోయి రా."

"నిజంగనా అత్తమ్మా?"

"మరి ఉత్తగనే అంటనా? కాని చుట్టాలొస్తే మాత్రం ఇప్పాలె. నీ రైలు కోసమని మందిని వాకిట్ల నుంచే ఎల్లగొట్టకు."

బండి వాడకట్టు మలుపు తిరిగిందో లేదో, ఆ వారమంతా మా ఇంటికి ఒక్క చుట్టమూ రావొద్దని తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. (తప్పే. కానీ ఆ వయసులో చుట్టాలకన్నా రైలు ముద్దు.)

అసలు కథ ఆ సాయంత్రం అంగడిలో మొదలైంది. అత్తమ్మ ఏనాడూ వారానికి సరిపడా కూరగాయలు ఒక్కసారే కొనేది కాదు. గంపలవ్వ అని ఒకామె రోజూ వాడకట్టుకు వచ్చేది, ఆమె దగ్గర ఏ పూటకు ఆ పూట తీసుకునేది. నాకు అది ఎన్నడూ నచ్చలేదు. అంగడి లేచే వేళకు పోతే ధర సగానికి పడుతుంది కదా, రోజుకింత అని గంపలవ్వకు పోయడం ఎందుకు అని నా తెలివి. ఆ తెలివిని వెంటబెట్టుకొని, పొద్దు కుంకుతుండగా కూరగాయల ముడి మొత్తం విప్పుకొని అంగడికి పోయాను.

సేడం దిక్కునుంచి వచ్చిన కన్నడ రైతు ఒకాయన టమాటలు రాశి పోసుకొని కూర్చున్నాడు. చలికాలం టమాట, ఎర్రగా నిగనిగలాడుతున్నది. ఎద్దులకు నీళ్లు పెట్టుకోవాలె, చీకటి పడకముందే పోవాలె అని ఆయన ఆగం. నేను రాశిలో ఒక మూల చూపించి ధర అడిగాను. ఆయన చెప్పిన దానికి సగం అన్నాను. ఆయన సగానికి ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాడు కదా అని ఇంకా తగ్గించాను. ఆయన విసిగిపోయి రాశి మొత్తం మీద చేయి తిప్పి, "తగో తంగీ, ఎల్లా తగో!" అన్నాడు. అన్నీ తీసుకో చెల్లీ అని. ఇంత అగ్గువకు ఇంత రాశా అని నాకు కండ్లు తిరిగినాయి. రెండు గంపలు నింపించి, ఒకటి నెత్తి మీదా, ఇంకొకటి ఒక పిలగాడి నెత్తి మీదా పెట్టించుకొని, రాజ్యం గెలిచినట్టు ఇంటికి వచ్చాను. ముడిలో ఇంకా కొన్ని పైసలు మిగిలితే అమ్మ కోసం పచ్చగాజులు కూడా కొన్నాను. (కూరగాయల ముడి గాజులకు పోయింది. ఆ సంగతి మాత్రం అప్పుడు తోచలేదు.)

మరునాడు టమాట పులుసు. సాయంత్రం టమాట తొక్కు. ఆ మరునాడు టమాట పప్పు, మళ్లీ టమాట పులుసు. మా ఆయన మొదటి రోజు లొట్టలు వేసుకుంటూ తిన్నాడు. రెండో రోజు ఒక్క రొట్టెకే చేయి కడుక్కున్నాడు. మూడో రోజు గిన్నె మూత తీసి, లోపలికి చూసి, మూత మళ్లీ పెట్టేశాడు.

"ఏందే, ఇయ్యాల గూడ గిదేనా?"

"ఇది వేరే. దీంట్ల నువ్వులేసిన."

"నువ్వులేసినా, బంగారమేసినా, ఎర్రగనే ఉన్నది గద. నా కడుపుల పండ్ల తోట మొలిచేటట్టున్నది."

గంపలవ్వ రోజూ వాకిట్లో ఆగేది, పోయేది. నాలుగో రోజు నవ్వు ఆపుకోలేక, "ఏం బిడ్డా, మీ అత్త లేకపాయె, నా గంపకు బోణి లేకపాయె. ఇల్లంత పుల్లటి వాసనొస్తున్నది, ఏం కథ?" అని అడిగింది. వాసన నిజమే. అడుగున ఉన్న టమాటలు మెత్తబడి గంపలోంచి నీరు కారుతున్నది. ఒక్కటి పారేసినా ఒప్పుకోనని నా పట్టు. మా అమ్మ ఎండాకాలంలో ఒరుగులు పెట్టేది గుర్తొచ్చింది. అంతే, కత్తిపీట ముందు కూర్చొని టమాటలన్నీ చక్రాలు చక్రాలుగా కోసేశాను.

ఎండబెట్టడానికి చోటు కావాలె. మా గోడకు ఆనుకొనే సేటు బండల దొడ్డి. రుద్ది నున్నగా చేసిన నాపబండలు అక్కడ ఒకదాని మీద ఒకటి నా నడుమెత్తు దాకా పేర్చి ఉండేవి. వాడకట్టు ఆడవాళ్లు ఆ బండల మీద మిరపకాయలూ, కందులూ ఎండబోసుకునేవాళ్లు, సేటు ఏమీ అనేవాడు కాదు. నేనూ అన్నిటికన్నా పైన అద్దంలా మెరుస్తున్న నల్లబండ మీద చక్రాలన్నీ వరసగా పేర్చి, కాకులను తోలుతూ నీడన కూర్చున్నాను. వికారాబాదులో మా ఇంట్లో మట్టి అరుగులే. నాపరాయి మీద పులుపు పడితే మచ్చ పోదనే సంగతి తాండూరులో పాకే పిల్లకు కూడా తెలుసట. నాకు చెప్పినవాళ్లు లేరు.

మరునాడు సాయంత్రానికి ఒరుగులు గలగలమన్నాయి. నేను ఒక్కొక్కటి తీస్తుంటే దాని కింద ఒక్కొక్క తెల్లటి చక్రం. తడిగుడ్డ పెట్టి తుడిచాను, మాయమయ్యాయి. బతికాను అనుకున్నాను. ఆరగానే మళ్లీ తేలాయి. తుడిచాను, పోయాయి. ఆరింది, వచ్చాయి. నేను ఆ పనిలో ఉండగానే వెనుకనుంచి సేటు కేక.

"అరే! గిదేంది? నా బండకు అమ్మవారు పోసిందా?"

ఆ కేకకు పనిలో ఉన్నవాళ్లంతా వచ్చారు. మా ఆయనా వచ్చాడు. వచ్చి ఒరుగులను చూశాడు, బండను చూశాడు, చివరికి తన రెండు అరచేతులను చూసుకున్నాడు. ఎందుకంటే ఆ బండను దినాలకు దినాలు కూర్చొని రుద్దింది ఆయనే. ఎవరో పెద్దింటివాళ్లు అరుగు కోసం చెప్పి చేయించుకున్నదట. అది తీసుకుపోవడానికి బండి కూడా వచ్చి నిలబడి ఉన్నది.

"మళ్ల రుద్దుత సేటూ," అన్నాడు మా ఆయన సన్నగా.

"ఎప్పుడు రుద్దుతవు? ఎద్దులను ఇప్పి పండుకోబెట్టాల్నా? నేను వేరే బండ పంపిస్త. గీ మచ్చల బండ మీరే కొనుక్కోవాలె. పైసలు తెండ్రి."

హప్తా మరునాటి సాయంత్రానికి గానీ రాదు. మేకు మీద మిగిలింది ఒక్క ముడే. నేను లోపలికి పోయి దాన్ని తెచ్చాను. తెస్తుంటే ఎక్కడో రైలు కూసినట్టే అనిపించింది. (నిజంగా కూసిందో, నాకే వినబడిందో.) మా ఆయన విప్పబోయాడు, రాలేదు. పండ్లతో గుంజాడు, రాలేదు. సేటు దబ్బనం తెప్పించి పొడిచాడు, దబ్బనం వంగింది. బండివాడు దిగివచ్చి, "మా ఎద్దు ముక్కుతాడు గూడ గింత గట్టిగ ఉండది," అని చేతులు ఎత్తేశాడు. నాకు లోపల్లోపల సంతోషం. ముడి రాకపోతే నా రైలు ఇంకా బతికి ఉన్నట్టే కదా.

సరిగ్గా అప్పుడే యాలాల్‌ బండి దిగి అత్తమ్మ వచ్చింది. "మనుమడు పుట్టిండు!" అని మొదలుపెట్టి, మా గుంపునూ, సేటు చేతిలో తన చీర అంచునూ చూసి ఆగిపోయింది. నేను ఏడుస్తూ చెప్పినదంతా విన్నది. బండ చుట్టూ ఒకసారి తిరిగింది.

"సేటూ, గీ మచ్చల బండ బజార్ల పెడితే ఎవలన్న కొంటరా?"

"ఎవలూ కొనరు! గందుకే గద మీరే కొనాలంటున్న."

"ఎవలూ కొననిదానికి ధరేంది మరి?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. చివరికి సేటూ నవ్వాడు. "ఏ చల్, నీతోని ఎవడు గెలుస్తడు," అని ఆ ముడిలో ఎంత ఉంటే అంతకూ, పైన ఒక చాటెడు ఒరుగులకూ బేరం తెగింది. అత్తమ్మ ముడి చేతిలోకి తీసుకొని ఒక్క గుంజు గుంజింది. అది ఊడి నా రైలంతా సేటు అరచేతిలో పడింది.

నలుగురు మనుషులు ఆ బండను మోసుకొచ్చి మా వాకిట్లో వేశారు. మా ఆయన తీరిక ఉన్నప్పుడు మళ్లీ రుద్ది మచ్చలు తీసేస్తానన్నాడు. అత్తమ్మ ఒప్పుకోలేదు. "ఉండనీ. వచ్చిపోయేటోళ్లు దీని మీదనే కూసుంటరు గద. గా ముడి పైసలు గా ముడికే పోయినయి, లెక్క తప్పలేదు. ఇగ ఏడ్వకు."

నేను ఏడ్వడం ఆపలేదు. గూన చాటున కూర్చొని, పచ్చగాజులు ఒళ్లో పెట్టుకొని ఏడ్చాను.

మళ్లీ హప్తా వచ్చింది. అత్తమ్మ యథాప్రకారం ముడులు వేసి మేకుకు తగిలించింది. ఆకు మాత్రం వేసుకోలేదు. అడిగితే, "పండ్లు నొస్తున్నయి, నములబుద్ధయితలేదు," అన్నది. (ఉన్న నాలుగు పండ్లూ ఒక్కసారే నొచ్చాయట!) ఆ పై హప్తాలోనూ అదే మాట. ఒకరోజు పొద్దున నన్ను పిలిచి బొడ్డులోని ముడి తీసి నా చేతిలో పెట్టింది. ఆ ముడి మాత్రం నేను ముట్టుకోగానే ఊడింది. అంత వదులుగా వేసింది.

"పోయేటందుకు, వచ్చేటందుకు రెండిటికి సరిపోతయి. వచ్చేటందుకు ఇచ్చినయి మీ అమ్మకు గాజుల కింద ఖర్చు పెట్టకు. గాజులు ఎట్లనో ఉన్నయి గద."

గాజుల సంగతి ఆమెకు ఎట్లా తెలిసిందో నేను ఎన్నడూ అడగలేదు. ఒరుగుల మూటతో సహా రైలెక్కాను. వికారాబాదులో మా అమ్మ ఆ ఒరుగులతో పులుసు పెట్టి, ఒక ముద్ద తిని, "రుచి మస్తుగున్నది బిడ్డా, కాని జర రాతిపొడి తగులుతున్నది," అన్నది. నేను నవ్వితే ఎందుకో ఆమెకు అర్థం కాలేదు. జరిగిందంతా చెప్పినాక, నేను వచ్చేటప్పుడు ఇంత ఆకూ వక్కా కొంగున కట్టి అత్తమ్మకిమ్మని పంపింది.

అత్తమ్మ పోయి చాలా ఏండ్లయింది. ముడులు ఇప్పుడు నేను వేస్తున్నాను. పైసలు దాచే తీరు మారింది, అవసరం కూడా అంత లేదు. అయినా కొంగున ఏదో ఒక ముడి లేకపోతే నాకు తోచదు. మొన్న నా కోడలు దాన్ని విప్పలేక, "ఎట్లేస్తవు అత్తమ్మా గింత గట్టిగ?" అని అడిగింది. ఏ కొసను గుంజాలో చూపించాను. మళ్లీ మరిచిపోయింది, తొందరేమున్నది.

బండ ఇంకా వాకిట్లోనే ఉంది. పొద్దున్నే నీళ్లు చల్లి కడుగుతాను. కడిగినప్పుడు నల్లగా, నున్నగా, మా ఆయన రుద్దిన తొలిరోజులాగే ఉంటుంది. పక్కనే పీట వేసుకొని కూర్చుంటాను. ఎండ తగిలి ఆరుతుంటే ముందు ఒక మూలనుంచి ఒకటి, దాని పక్కన ఇంకొకటి, తెల్లటి చక్రాలు మెల్లమెల్లగా తేలుతాయి. నెత్తి మీద గంప పెట్టుకొని రాజ్యం గెలిచినట్టు నడిచివస్తున్న ఆ వికారాబాదు పిల్ల కూడా వాటి వెంటే వస్తుంది. రా కూర్చో అంటాను. కాసేపు ఉండి పోతుంది.