కంకర దారిలో డాక్టరమ్మను పడేసిన వైనం

ముందే చెప్పేస్తున్నాను. ఈ కథలో ఒక పశువుల డాక్టరమ్మ కంకర మీద పడుతుంది. పడేసింది నేనే. జాలి చూపాలనుకుంటే ఆమె మీద చూపండి, నాకు వద్దు. నేను తప్పు చేశానంటే ఒప్పుకుంటాను. నా బండి తప్పు చేసిందంటే మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను.

నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్లో కటింగ్ మాస్టర్ని. బెంగళూరులో ఎవరో వాడి వదిలేసిన స్పోర్ట్స్ బైకు మోజుపడి కొన్నాను. ఎర్రటి బండి. హ్యాండిల్ మోకాళ్ల దగ్గర, వెనక సీటు ఆకాశంలో, టైర్లు నున్నగా. తారు రోడ్డు తప్ప మరో లోకం ఎరగని బండి. మా ఊరికేమో తారు రోడ్డు దిగాక ఆరు కిలోమీటర్ల కంకర. ఎన్నికలొచ్చిన ప్రతిసారీ ఆ కంకర మీద తారు పోస్తామంటారు, పోయరు. కొనేటప్పుడు ఈ రెండు సంగతులూ నాకు తెలుసు. రెంటినీ కలిపి ఆలోచించాలని మాత్రం తట్టలేదు.

నాయన బండి చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

"దీని మింద గడ్డిమోపు యాడ కట్టల్ల రా?"

"ఇది గడ్డిమోపు బండి కాదు నాయనా."

"మరి దేనికప్పా ఇది?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. అందుకని గట్టిగా అరిచాను. జవాబు లేనప్పుడు మీరూ అదే చేస్తారు, నాకు తెలుసు.

ఆ ఏడు తొలకరి బాగా పడింది. మా సీమలో వాన పడితే అందరికీ పండగే, గొర్రెలున్న ఇంటికి మాత్రం గుండె దడ. ఎండుపుల్లలు కొరికి కొరికి ఉన్న గొర్రెలు లేతగడ్డి కనపడగానే విరగబడి మేస్తాయి. వెంటనే చిటుక రోగం. పొద్దున గంతులేసిన జీవం మధ్యాహ్నానికి ఉండదు. అంతకుముందు ఏడు మాకు అలా పదకొండు పోయాయి. నాయన రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఈసారి మందను మేతకు వదలకముందే టీకా సూదులు వేయించాలి. రాయదుర్గం నుంచి డాక్టరమ్మ వస్తానంది గానీ ఆమెకు ఆ రోజు జీపు లేదు, మధ్యాహ్నం ఇంకో ఊరికి పోవాలి.

ముందురోజు నాయన ఫోన్ చేశాడు.

"మోపెడ్ పంపిస్తా. ఆయమ్మను దాని మింద పిల్చుకోని రా."

"నా బండి ఉండంగ మోపెడ్ ఎందుకు? అరగంటలో తెస్తా."

"కంకరలో అది నిలబడదు రా. మందు పాడైతే మన గతేంగావల్ల? ఇంగోటి, రేపు..."

"నువ్వేం చెప్పొద్దు నాయనా!" అని ఫోన్ పెట్టేశాను.

డాక్టరమ్మకు యాభై దాటాయి. గుంతకల్లు రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి పెరిగిన మనిషి, గొంతు ప్లాట్‌ఫారం చివరిదాకా వినిపిస్తుంది. పొద్దున్నే ఐసు పెట్టె చంకలో పెట్టుకుని వచ్చి, నా వెనక సీటును తేరిపార చూసింది.

"ఏమప్పా, ఇది సీటా? మా ఇంట్లో పప్పు డబ్బా మూత దీనికన్నా పెద్దగుంటాది."

"కూసోండి మేడమ్. గాల్లో పోయినట్లుంటాది."

"అదే నా భయం. ఇదో, నేను పడినా పర్వాలేదు, ఈ పెట్టె పడకూడదు. ఐసు పోతే మందు నీళ్లతో సమానం."

తారు రోడ్డు మీద బండి ఎగిరింది. వెనక నుంచి వరసగా దేవుళ్ల పేర్లు వినబడుతున్నాయి. హెల్మెట్ లోపల నేను నవ్వుకుంటున్నాను. చూశావా నాయనా, మోపెడ్ అంట, మోపెడ్!

కంకరలోకి దిగాం. దిగగానే బండి నా మాట వినడం మానేసింది. ముందు చక్రం ఒక దిక్కు, వెనక చక్రం ఇంకో దిక్కు. రెండు కాళ్లూ కిందికి వేలాడేసి, నేలను తన్నుకుంటూ పోతున్నాను. పక్కన కట్టెలమోపు నెత్తిన పెట్టుకుని ఒక అవ్వ నడుస్తోంది. మమ్మల్ని దాటేసింది. దాటి, వెనక్కి తిరిగి నిలబడింది.

"ఏం రా, ఎక్కి పోతాండావా, నూక్కుంటా పోతాండావా?"

"ఎక్కే పోతాండాం అవ్వా!"

"అట్లనా? తెలీకడిగినా లే."

"ఆ అవ్వ మోపుతో కూడా మన ముందర పోతాంది గదప్పా," అంది డాక్టరమ్మ.

అంతే, రోషం పొడుచుకొచ్చింది. యాక్సిలరేటర్ తిప్పాను. అవ్వను దాటాను, ఆ విజయం ఎవరూ కాదనలేరు. ఎదురుగా గుంత కనపడింది. గభాలున ముందు బ్రేకు పట్టాను. కంకర మీద ముందు బ్రేకు పట్టకూడదని మోపెడ్ నడిపే పిల్లలకు కూడా తెలుసు. నేను స్పోర్ట్స్ బైకువాణ్ని, నాకెలా తెలుస్తుంది?

పడ్డాం. దుమ్ము తగ్గాక చూస్తే డాక్టరమ్మ వెల్లకిలా పడుకుని ఉంది, ఐసు పెట్టెను రెండు చేతులతో ఆకాశానికి ఎత్తి పట్టుకుని.

"పెట్టె బాగుండాది!"

"మీరు మేడమ్?"

"నా సంగతి తర్వాత. ముందు నీ బండి నా చీర మింద నుంచి తియ్యి!"

నా మోచేయి గీసుకుపోయింది, బ్రేకు లివర్ విరిగింది. జేబులో ఫోన్ తీస్తే నాయనవి తొమ్మిది మిస్డ్ కాల్స్. వెంటనే తిరిగి చేశాను.

"యాడ పోతివి రా?" అని అరిచాడు నాయన.

"ఊర్లోకి వస్తాండాం. మంద దొడ్డికాడే గదా?"

"దొడ్డికాడ ఏముండాది, నా తలకాయ! మంద తారు రోడ్డు పక్కన చేన్లో కట్టినాం. పొద్దున్నుంచి రోడ్డు మింద నిలబడి చేతులూపుతాండా. నువ్వు రైలు మాదిరి పోతివి! నిన్న చెప్పబోతే ఫోన్ పెట్టేస్తివి!"

పాఠకులారా, మా వైపు చేనుకు ఎరువు కావాలంటే రైతులు గొర్రెల మందను రాత్రిళ్లు తమ చేలో కట్టించుకుంటారు. రెండు రాత్రులు ఒకరి చేలో, రెండు రాత్రులు ఇంకొకరి చేలో. అందుకే మంద దగ్గరికి పోయేవాడు మొదట అడగాల్సింది ఒకటే మాట, ఇవాళ మంద యాడ? గొర్రెల ఇంట పుట్టిన నేను అది అడగలేదు. కంకర తొక్కాల్సిన అవసరమే లేని రోజున, పట్టుబట్టి కంకరలో పడ్డాను.

నాయన మోపెడ్ మీద వచ్చాడు. పెట్టె ముందు పెట్టుకున్నాడు, డాక్టరమ్మను వెనక ఎక్కించుకున్నాడు. నా మోచేయి చూసి, "దెబ్బ బాగా తగిల్నాదా?" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. నాకు సిగ్గుతో ఏడుపొచ్చింది. హెల్మెట్ తీయకపోవడం మంచిదైంది.

బండి తోసుకుంటూ నేను చేను చేరేసరికి అరవై రెండు గొర్రెలకూ సూదులు పడ్డాయి. సూది పడిన ప్రతి గొర్రె నెత్తిన డాక్టరమ్మ గుర్తుకని నీలం రంగు పూసింది. నన్ను చూసి, బ్రష్షుతోనే పిలిచింది.

"ఇట్ల రాప్పా." నా హెల్మెట్ మీద కూడా ఒక పూత పూసింది.

"నాకు సూది వెయ్యలేదు గదా మేడమ్?"

"గవర్నమెంటు డాక్టర్ని కంకర మింద పడేసినావు. అంతకన్నా పెద్ద సూది ఉంటాదా? ఇంగ నీకు ఈ రోగం రాదు."

నాయన పగలబడి నవ్వాడు. ఆ పదకొండు పోయాక ఆయన అలా నవ్వగా చూడటం అదే మొదలు. ఆ ఏడు మాకు ఒక్క గొర్రె కూడా పోలేదు.

కాబట్టి ఆ నీలం గుర్తు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. మంద యాడుందో అడగకుండా ఈ జన్మలో బండి తీయను. ఇంకొక మనిషిని నా వెనక ఎక్కించుకుని కంకర మీద పడేయను. బండి అమ్ముతానని మాత్రం ఎవరూ ఆశ పెట్టుకోకండి. పడితే ఒక్కడినే పడతాను. నిన్న కూడా ఒక్కడినే పడ్డాను.