పెర్సిడా కూర్చోని రోజు

మా పక్కింటి పెర్సిడా దేవుడికి స్తోత్రం చెప్పకుండా గుక్కెడు నీళ్ళు కూడా తాగదు. ఆవు చచ్చిపోతే, "దూడ దక్కింది, స్తోత్రం" అంది. మంచం పట్టిన తల్లిని చూసుకుంటూ పెళ్ళి ఈడు దాటిపోతే, అమ్మ చివరిదాకా తన చేతి తిండే తిన్నదని మురిసిపోయింది. నాకు ఒళ్ళు మండేది. మనిషన్నాక ఒక్కసారైనా తిట్టుకోవద్దూ?

ఈస్టర్ వెళ్ళాక ఆమె తమ్ముడు రాదిసావ్ పోయాడు. ఆమెకు మిగిలిన మనిషి అతనొక్కడే. సమాధి దగ్గర కూడా ఆమె పెదవులు కదిలాయి. అక్కడా స్తోత్రమేనా అని ముఖం తిప్పుకున్నాను.

డిసెంబరులో వాళ్ళ స్లావా వచ్చింది. మాలో ప్రతి ఇంటికీ ఒక పరిశుద్ధుడు ఉంటాడు. ఆయన రోజే ఆ ఇంటికి స్లావా. ఎవరూ ఎవర్నీ పిలవరు, పిలిస్తే పరువు తక్కువ. తెలిసినవాళ్ళు వస్తారు, అంతే. ఇంటివాళ్ళూ వచ్చినవాళ్ళూ కలిసి పండుగ రొట్టెను పట్టుకుని తిప్పి విరవాలి. ఒక్క మనిషి విరిచేది కాదది.

ఆ ఉదయం ఆమె పొగగొట్టంలోంచి పొగ వచ్చింది. వేయించిన చేప వాసన మా వాకిట్లోకి కొట్టింది.

"పెర్సిడా పండగ చేస్తున్నట్టుందే," అన్నాను మా ఆయన మిలోయెతో.

"మనిషి పోయి ఏడాది తిరగలేదు, పండగేంటి? అయినా మగదిక్కు లేని ఇంట్లో స్లావా ఏంటి? కూర్చో నువ్వు."

ఊరంతా అలాగే అనుకుని కూర్చుంది. మంచు పడి ఫాదర్‌గారి కారు కూడా కొండ ఎక్కలేకపోయింది.

సాయంత్రం కట్టెల కోసం బయటికి వస్తే, ఆమె కిటికీలో పండుగ కొవ్వొత్తి కనపడింది. సగానికి పైగా కరిగిపోయింది. అది అయిపోయేలోగా రొట్టె విరవకపోతే ఆ ఏడు ఆ ఇంటికి స్లావా లేనట్టే. వెనకాల నల్ల రుమాలు కట్టుకుని పెర్సిడా గుమ్మం వైపు చూస్తూ నిలబడి ఉంది. నాకు కోపం ముంచుకొచ్చింది, ఎవరి మీదో తెలీదు. కట్టెలు అక్కడే పడేసి వెళ్ళాను.

బల్ల నిండా చేపలు, చిక్కుడు గింజలు, ఎర్ర వైను. ఒక్కటీ ఎవరూ ముట్టుకోలేదు.

"వచ్చావా స్టమేనా! దేవుడికి స్తోత్రం. రా, ముందు ఈ తీపి గోధుమలు నోట్లో వేసుకో."

"పొద్దున్నుంచీ ఇలాగే నిలబడ్డావా అక్కా?"

"వచ్చినవాళ్ళు తిని వెళ్ళేదాకా ఇంటివాళ్ళు కూర్చోకూడదుగా."

"ఎవరక్కా వచ్చినవాళ్ళు? ఒక్క పురుగన్నా వచ్చిందా?"

"ఇప్పుడు నువ్వొచ్చావుగా!"

ఇద్దరం రొట్టె పట్టుకుని తిప్పి విరిచాం. ఆమె వేళ్ళు మంచుగడ్డల్లా ఉన్నాయి. కళ్ళు మూసుకుని మళ్ళీ మొదలుపెట్టింది. పొయ్యిలో నిప్పుకి స్తోత్రం, రాదిసావ్‌తో బతికిన ఏళ్ళకి స్తోత్రం, బయట కురిసే మంచుకి కూడా స్తోత్రం. ఇక నావల్ల కాలేదు.

"దేనికక్కా స్తోత్రం? ఊరంతా నిన్ను గాలికొదిలేసింది. నీకు బాధే లేదా?"

"లేకపోవడమేంటే! రాత్రిళ్ళు వాడి దగ్గు వినపడక నిద్రే పట్టదు." ఆమె నోట బాధ మాట వినడం నాకు అదే మొదటిసారి. "దేవుడు కూడా బల్లంతా సర్ది ఇలాగే నిలబడి ఉంటాడే పిల్లా. ఎవర్నీ చెయ్యి పట్టుకుని లాగడు. తెలిసినవాళ్ళు రావాలి. ఎవరూ రాకపోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు. అందుకే రోజూ ఆయన గుమ్మంలోకి వెళ్ళి స్తోత్రంతో పలకరించి వస్తా. ఏడుపొచ్చినా వెళ్తా. వెళ్తే, నిజంగానే సంతోషంగా ఉంటుంది."

తల వంచుకుని తిన్నాను. ఎంత జాలేసిందో, ఎంత సిగ్గేసిందో చెప్పలేను.

తిన్నాక చూస్తే, ఆమె ఒక చేత్తో కుర్చీ వీపు పట్టుకుని ఉంది. బరువంతా దాని మీదే వేసింది. కూర్చోమంటే కూర్చోదు. నేను వెళ్తేనే కూర్చుంటుంది. పాపం, కాళ్ళు చాపుకోనీ అని లేచాను. ఆమె ముఖం చిన్నబోయింది.

"అప్పుడేనా? ఇంకో ముక్క వేస్తానే," అంది.

కడుపులో చోటు లేదు.

"వెయ్యక్కా," అని మళ్ళీ కూర్చున్నాను.

ఆమె నవ్వుతూ, నిలబడే వడ్డించింది.