కడప నడుములు, కర్నూలు నడుములు

చదివింది ఒంటికి పట్టకముందే నోటికి పట్టే వయసొకటి ఉంటుంది. ఆ వయసులో నేను కర్నూల్లో ఫిజియోథెరపీ ఆఖరి సంవత్సరం చదువుతుండేదాన్ని. బస్సులో పక్క సీటు పెద్దామె మోకాలి మీద చెయ్యి వేసుకుంటే చాలు, అడక్కుండానే ఎలా కూర్చోవాలో, ఎలా లేవాలో పాఠం మొదలుపెట్టేదాన్ని. (పాపం, ఆమెకు దోమ కుట్టిందని రెండు స్టాపుల తర్వాత తెలిసేది.) అయితే అంత మిడిసిపాటులోనూ ఒక సందేహం మాత్రం నన్ను కుదురుగా ఉండనిచ్చేది కాదు. ఆటలాడే పిల్లల్లో కొందరికి అదే కాలు, అదే చోట, మళ్ళీ మళ్ళీ ఎందుకు బెణుకుతుంది? పక్కవాడూ అదే మట్టిలో దూకుతున్నాడు, వాడికేమీ కాదే! మా మేడంను అడిగితే, "పొట్టా నడుమూ బిగువుగా లేకపోతే ఒంటి భారమంతా కాళ్ళ మీద పడుతుందంటారు. పోయి నువ్వే చూడు" అని దాన్నే నాకు ప్రాజెక్టుగా అంటగట్టింది.

అలా ఒక డిగ్రీ కాలేజీ కబడ్డీ జట్టు నా చేతికి చిక్కింది. పన్నెండు మంది. సగం మంది పత్తికొండ వైపు కర్నూలోళ్ళు, సగం మంది ఎర్రగుంట్ల వైపు కడపోళ్ళు. ఒకే హాస్టల్లో ఒకే సాంబారు తిన్నా, మా జిల్లా గొప్పంటే మా జిల్లా గొప్పని పొద్దస్తమానం వాదించుకునేవాళ్ళు. వాళ్ళలో కూతకు పోయేవాడొకడు, కుడి చీలమండకు ఎప్పుడూ కట్టు ఉండడంతో అందరూ వాణ్ణి 'పట్టీ' అనేవాళ్ళు. ఆ ఏడు రెండుసార్లు అదే చీలమండ బెణికింది. బూట్లు మార్చారు, పసుపూ సున్నమూ పెట్టారు, వాళ్ళమ్మ ఎర్రగుంట్ల నుంచి వచ్చి దిష్టి తీసిపోయింది. నేను వెళ్ళిన మర్నాడు జరిగే మ్యాచ్‌కి యూనివర్సిటీ జట్టును ఎంచేవాళ్ళు వస్తున్నారు. పట్టీకి అదే ఆఖరి అవకాశమని, ఈసారి కాలు మడత పడితే ఇక వాణ్ణి ఆడించనని డ్రిల్లు సారు ముందే చెప్పేశాడు.

టేపు పెట్టి వాడి నడుము కొలుస్తుంటే వాడు నన్ను అనుమానంగా చూశాడు. "అక్కా, నొప్పి కాలికి. నువ్వు పొట్ట చూస్తాండావేమి?"

నేను ఇంగ్లీషు మాటలు నాలుగు కలిపి గంభీరంగా వివరించాను. వాడు ఓపిగ్గా విన్నాడు. "మా నాయనది సిమెంటు లారీ. టైరు ఒకపక్కే అరుగుతాంటే టైరును తిట్టొద్దు, అలైన్‌మెంటు చూపించు అంటాడు. అదేనా నువ్వు చెప్పేది?"

అదే. మేము నాలుగేళ్ళు చదివింది వాళ్ళ నాన్న లారీల షెడ్డులో నేర్చుకున్నాడు. నాకు కొంచెం చిన్నతనంగా అనిపించి, "దాదాపు అలాంటిదే" అన్నాను.

ఇక పరీక్ష. మోచేతులూ కాలివేళ్ళూ మాత్రమే నేలకు ఆనించి ఒళ్ళంతా చెక్కలా నిలబెట్టాలి. దాన్నే ప్లాంకు అంటారు. నడుము ఎప్పుడు కిందికి జారితే అప్పుడు గడియారం ఆపెయ్యాలి, అంతే. ఒక్కొక్కణ్ణి విడివిడిగా చూడాలి, మూడుసార్లు మూడు వేరే రోజుల్లో చెయ్యాలి అని కూడా పుస్తకంలో ఉంది. నాకేమో అన్నిసార్లు తిరిగే ఓపిక లేదు, సాయంత్రం బస్సుంది. "రేపు మ్యాచ్ కదా, ఇప్పుడు చేయించవచ్చా సార్?" అని మాటవరసకు అడిగాను. "బోర్లా పండుకునేదే కదమ్మా. కానియ్యి" అన్నాడు డ్రిల్లు సారు. నా తెలివి తెల్లారినట్టే ఉంది, కడపోళ్ళను ఒక వరసలో, కర్నూలోళ్ళను వాళ్ళకు ఎదురుగా ఇంకో వరసలో పడుకోబెట్టి, ముఖాలు ముఖాలు చూసుకునేలా సర్ది, "రెడీ" అన్నాను.

మామూలుగా నిమిషం దాటేసరికి ఒకరిద్దరు పడిపోవాలి. ఒక్కడూ పడలేదు. రెండో నిమిషానికి చేతులు వణుకుతున్నాయి, చెమట మట్టిలో కారుతోంది, అయినా ఎవడూ కదలడు. "ఏమప్పా, అలసిపోతివా?" అని ఇటునుంచి. "మీ కడప నడుము యాడికి పోతాండాదో చూసుకో" అని అటునుంచి. నడుములు ఎప్పుడో పాతమంచం నవారులా జారిపోయాయి. నేను వాటిని చూడాలి కదా! నేను చూసింది గడియారాన్ని. ఇన్ని నిమిషాలు ఎవరి ప్రాజెక్టులోనూ రాలేదన్న సంబరంలో, పట్టుదల కొద్దీ వాళ్ళు నిలబెట్టిన ప్రతి సెకనూ రాసుకున్నాను. అలా మూడుసార్లు. అందరికంటే ఎక్కువసేపు ఉన్నవాడు పట్టీ. వాడి పేరు పక్కన 'నడుము చాలా గట్టిది' అని రాసి, కింద గీత గీసి వాడికి చూపించాను.

మర్నాడు మ్యాచ్ చూడ్డానికి హుషారుగా వెళ్ళాను. జట్టు జట్టంతా గోడకు చేరబడి ఉంది. ఒకడు తుమ్మి పొట్ట పట్టుకున్నాడు. వాణ్ణి చూసి నవ్వబోయిన ఇంకొకడూ పట్టుకున్నాడు. (కడపా కర్నూలూ ఒక్క మాట మీద ఉండడం ఆ రోజే చూశాను.) డ్రిల్లు సారు నా దగ్గరికి వచ్చి నెమ్మదిగా అన్నాడు. "కాళ్ళకు దెబ్బలు ఎందుకు తగుల్తాయో కనుక్కుంటానంటివి కదమ్మా. కాళ్ళు శానా బాగుండాయి. మనుషులే లేవడం లేదు."

అయినా ఆడారు. పట్టీ మూడో కూతకు పోయి, గీత దగ్గర చటుక్కున వెనక్కి తిరగబోయాడు. ఒళ్ళు ఒకవైపు తూలింది, చీలమండ ఇంకోవైపు మడత పడింది. అప్పుడు చూశాను వాడి నడుము జారడం. ముందురోజు చూడవలసింది అదే.

ఐసు పెడుతుంటే వాడు ఏడవలేదు. "అక్కా, నాది గట్టి నడుమని రాసినావు కదా" అన్నాడు. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగాడు. "నేను రాసింది తప్పు, నిన్ను సరిగ్గా చూడలేదు" అని మాత్రం చెప్పగలిగాను. ఆ ఏడు వాడికి యూనివర్సిటీ జట్టులో చోటు దక్కలేదు. ఆ సంగతి తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

కాలు మానాక నేనే హాస్టలుకు వెళ్ళి, ఎవరికీ కనబడకుండా వాణ్ణి గోడవైపు తిప్పి మళ్ళీ పరీక్ష పెట్టాను. అరనిమిషం కాకముందే వాడి నడుము దిగింది. అక్కణ్ణుంచి రోజుకు కాస్త చొప్పున మొదలుపెట్టాం. ఆ తర్వాత వాడు కాలేజీలో ఉన్నన్నాళ్ళూ చీలమండకు కట్టు పడలేదు. నడుము వల్లే అంటారా? ఒక్క పట్టీని చూసి లోకానికంతా చెప్పకూడదని ఈపాటికి నేర్చుకున్నాను.

పోయినేడు ఎర్రగుంట్ల దగ్గర ఒక బడికి వెళ్తే అక్కడ డ్రిల్లు సారు మన పట్టీయే. పిల్లలందరినీ తలో దిక్కుకు తిప్పి ప్లాంకు పెట్టించాడు. చూస్తూ ఉండలేక నేనూ చీర దోపుకుని ఓ మూల మొదలుపెట్టాను. ఇరవై లెక్కపెట్టేలోగా నెత్తిమీద గొంతు వినిపించింది.

"అక్కా, నడుము జారింది. ఆపు."

"ఇంకాసేపు పట్టగలనప్పా."

"పట్టగలవు. ఆ పొద్దు నేనూ పట్టినా" అన్నాడు పట్టీ, చెయ్యి అందిస్తూ.

ఆపేశాను.