శ్రావణి తెచ్చిన పాలకూర

నిరుడు మా విజయవాడ కాలేజీలో ఎమ్మెస్సీ వైవా రోజు. డీఎన్‌ఏలో ఒకచోటి నుంచి ఇంకోచోటికి గెంతే ముక్కల గురించి నా విద్యార్థిని శ్రావణి బీట్‌రూట్‌పై ప్రాజెక్టు చేసింది. పోల్చడానికి వేరే జాతి మొక్కగా పాలకూర తీసుకోమన్నది నేనే. తీరా చూస్తే రెంటిలోనూ అవే ముక్కలు, అవే చోట్ల!

"శాంపిళ్లు కలిపేశావమ్మా! ఇప్పుడేం చెబుతావు లోపల ఎగ్జామినర్‌ గారికి?" అని ల్యాబంతా వినేలా అరిచాను.

"లేదు సార్, పామర్రులో మా పెరట్లో కోసిన పాలకూరేనండీ."

ఫెయిలవుతుందేమోనని భయపడుతూనే ఆమెతో పాటు వైవా గదిలోకి వెళ్లాను. ఎగ్జామినర్‌ గారు ఫలితాలు చూసి నవ్వారు.

"మనం వండుకునే పాలకూర బీట్‌రూట్‌ జాతేనండీ మాస్టారూ! విదేశాల్లో తినే స్పినాచ్‌ వేరే జాతి. అమ్మాయి కరెక్టే."

శ్రావణి పాసైంది. అయితే నా అరుపు అందరూ విన్నారు, ఆయన మాట మేం ముగ్గురమే విన్నాం. శాంపిళ్లు కలిపేసిన అమ్మాయనే పేరు ఆమెకు ఇంకా పోలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను: తప్పు నాది.