రెండోది తెచ్చినవా?

కొంపల్లిలో మా ఫ్లాట్ వంటింటి కిటికీ మెట్లవైపు ఉంటుంది. నిన్న సాయంత్రం గోంగూర ఒలుస్తుంటే మెట్ల మీద నుంచి చిన్న ట్యూను వినిపించింది. పిల్లలు చేతుల్లో పట్టుకుని ఆడే గేము మిషన్ పక్కనున్న మరో మిషన్ కోసం వెతుకుతూ చేసే చప్పుడు అది. ఆ వెనకే మా అమ్మాయి నిత్య, కింది ఫ్లాట్ రెహాన్ గొంతులు. "దొరికిందా?" "లేదు." మళ్లీ ట్యూను. "ఇప్పుడు?" "లేదు." ఆ 'లేదు' వింటే నా చేతులు ఊరుకోవు. పరిగెత్తుకెళ్లి మిషన్ లాక్కుని అన్ని మీటలూ నొక్కేయాలనిపిస్తుంది. ఇన్నేళ్లయినా ఆ ఆత్రం తగ్గలేదు. నాకు పని నేర్పిన రజియా ఆపా ఇక్కడుంటే నా ముఖం చూసి, "చేతులు తొడల కింద పెట్టుకో" అనేది.

డిగ్రీ అయ్యాక ఏ ఉద్యోగంలోనూ కాలు నిలవక తిరుగుతున్న రోజుల్లో నేను ఆమె దగ్గర చేరాను. మేడ్చల్ బస్ డిపోకు కాస్త ఇవతల, మెట్లెక్కి వెళ్తే ఆమె రిపేరు దుకాణం. ఫోన్లూ, వీడియో గేములూ బాగుచేసేది. శామీర్‌పేట నుంచి రోజూ వచ్చేది. వచ్చీ రాగానే ఫ్యాను వేసి, చాయ్ తెప్పించి, నిన్నటి బస్సు కండక్టర్‌తో తన తగవంతా చెప్పి, ఆ తర్వాతే బల్ల మీద గుడ్డ పరిచేది. నాకు అంత ఓపిక ఎక్కడిది? ఆమె చాయ్ పూర్తయ్యేలోపు నేను ఏదో ఒక మిషన్ స్క్రూలు విప్పేసి ఉండేదాన్ని. "కాలుగాలిన పిల్లిలెక్క తిరుగుతవేంది పిల్లా? అదేం జెప్తాందో ఇననియ్యి ముందుగాల" అనేది. తిట్టినట్టే ఉండేది కానీ, నా వంతు చాయ్ చల్లారకుండా మూత పెట్టి ఉంచేది కూడా ఆమే.

ఆమె దుకాణంలో ఒక పద్ధతి ఉండేది. ఆ పద్ధతి వల్ల వచ్చిన గిరాకీ వెనక్కి పోతోందని నేను రోజూ సణిగేదాన్ని. గేము మిషన్లకు నెట్ అక్కర్లేకుండా, పక్కపక్కన కూర్చున్న ఇద్దరిని ఒకే ఆటలో కలిపే సౌకర్యం ఉంటుంది. అది పనిచేయడం లేదని ఎవరైనా వస్తే ఆపా మిషన్ ముట్టుకునేదే కాదు. "రెండోది తెచ్చినవా?" అని అడిగేది. లేదంటే, "పొయ్యి తీస్కరా. ఆడేటోళ్లను గూడ తీస్కరా. ఇద్దరి నడుమ తెగినదాన్ని ఒక్కదాంట్ల ఎట్ల దేవులాడాలె?" అనేది. కొందరు నవ్వి వెళ్లేవారు, కొందరు విసుక్కుని ఇంకో దుకాణానికి పోయేవారు. ఆమె మాత్రం ఏమీ పట్టనట్టు చాయ్ తాగేది. నాకు ఒళ్లు మండేది.

ఒక మధ్యాహ్నం నర్సింహ అనే ఆయన వచ్చాడు. కౌకూర్‌లో ఉంటాడు, స్కూలు బస్సు నడుపుతాడు. ఆయన భార్య వేరుగా పేట్ బషీరాబాద్‌లో ఉంటోంది, కూతురు తల్లి దగ్గరే. ఆదివారం పూట మాత్రం తండ్రీకూతుళ్లు కొంపల్లిలోని మాల్‌లో కలుస్తారు. ఆ పిల్ల ఎక్కువగా మాట్లాడదట. ఏం మాట్లాడాలో ఈయనకూ తెలియదట. అందుకని తనకూ ఒక మిషన్ కొనుక్కుని, కూతురు ఆడే ఆటే నేర్చుకున్నాడు. ఆట మొదలైతే మాటలు వాటంతటవే వచ్చేవి. కొన్ని వారాలుగా ఆ రెండు మిషన్లూ కలవడం లేదు. ఎదురెదురుగా కూర్చుని, చెరో తెర చూసుకుని, ఇళ్లకు పోతున్నారు.

ఆపా పక్క గదిలో నమాజులో ఉంది. నేను మిషన్ అందుకుని అన్నీ చూశాను. సిగ్నల్ ఆపేసే విమానం గుర్తు నొక్కి ఉందేమో చూశాను, లేదు. దుకాణంలో ఉన్న పాత మిషన్‌తో వేరే ఆటలో కలిపి చూశాను, వెంటనే కలిసింది. "మీదాంట్ల ఏం ఖరాబు లేదన్నా, మస్తుగ నడుస్తాంది" అని చేతిలో పెట్టేశాను.

బాగుందంటే మనిషి సంతోషించాలి కదా. ఆయన ముఖం పాలిపోయింది. "అంటే పాపనే బంద్ జేస్తాంది" అన్నాడు. "ఈ ఆదివారం వచ్చుడు ఎందుకు డాడీ, ఎట్లయిన దొరుకుతలేదు గద అని ఫోన్ల అన్నది. నాకు సమజ్ గాలే. రానీకె ఇష్టం లేదన్నట్టు." మిషన్‌ను జేబులో పెట్టుకుని మెట్లవైపు నడిచాడు. నాకు మిషన్‌లో ఏం పోయిందో చెప్పడం వచ్చు కానీ, మనిషికి ఏం చెప్పాలి?

"తమ్మీ, ఆగు." ఆపా తలమీద కొంగు సర్దుకుంటూ గదిలోంచి వచ్చింది. అంతా విన్నట్టుంది. "రెండోది తెచ్చినవా?"

"పాప దగ్గరున్నది."

"ఆదివారం మాల్‌కు వోకుండ్రి. గిక్కడికి తోల్కరా. ఒక్కసారికి రమ్మని అడుగు. ఆపా అడిగింది అని చెప్పు."

ఆదివారం దుకాణం తెరవం. ఒక్క మిషన్ కోసం శామీర్‌పేట నుంచి ఆమె, గుండ్లపోచంపల్లి నుంచి నేను రావాలన్నమాట. గొణుక్కుంటూనే వచ్చాను. ఆ పిల్ల రాకపోతే ఆయన ముఖం ఎలా ఉంటుందోనని కిటికీకీ మెట్లకూ మధ్య తిరుగుతూనే ఉన్నాను. చివరికి వచ్చారు. పిల్ల పేరు అక్షర, ఏడో తరగతి. తండ్రి వెనకగా నడిచి వచ్చి, బెంచీ చివర కూర్చుంది.

ఆపా ఇద్దరినీ బల్లకు చెరోవైపు కూర్చోబెట్టింది. "నేను ముట్ట. సరిత గూడ ముట్టది. మాల్‌ల ఎట్ల జేస్తరో గట్లనే చెయ్యుండ్రి" అని, నావైపు చూసి నా చేతులకేసి సైగ చేసింది. నేను చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. నర్సింహ ఆటలో గది తెరిచాడు. ఆయన తెర మీద 'రెండో ఆటగాడి కోసం చూస్తోంది' అన్న గుర్తు తిరుగుతూ ఉంది. అక్షర వెతికింది. ఆమె తెర మీద ఏదో రాత కనిపించగానే బొటనవేలు టక్కున మీట నొక్కింది. రాత పోయింది. "దొరుకుతలేదు డాడీ" అంది.

ఆ వేలిని నేనూ చూశాను, ఆపా కూడా చూసింది. నేనైతే అప్పుడే అరిచేదాన్ని. ఆపా ఆ పిల్ల పక్కకు జరిగి, "బేటా, గా రాత మల్ల రానియ్యి. నేను గూడ చదువుత" అంది.

పిల్ల తండ్రివైపు ఓసారి చూసింది. తర్వాత మళ్లీ నొక్కి, ఆ రాతను ఉండనిచ్చింది. రెండు మిషన్లలో ఆట ఒకటే కానీ ఒకటి కొత్త అప్‌డేట్‌తో ఉంది, ఇంకోటి పాతదానితో ఉంది, అందుకని కలపడం కుదరదు. రాతలో ఉన్నది అంతే. తల్లి ఇంట్లో నెట్ ఉంది కాబట్టి పిల్ల మిషన్‌లో అప్‌డేట్ దానంతటదే ఎక్కిపోయింది. తండ్రి గదిలో నెట్ లేదు.

"నీకు ఎరికేనా?" నర్సింహ అడిగాడు.

అక్షర బల్లనే చూస్తూ చెప్పింది. "ఎరికే. నెట్ లేకనే గిట్లయితాందని చెప్తే నువ్వు ఫీలయితవని చెప్పలే."

నర్సింహ ఇన్ని వారాలూ కూతురికి తాను అక్కర్లేదనుకున్నాడు. ఆ పిల్లేమో తండ్రి చిన్నబోకూడదని రాతను వేలితో తుడిచేస్తూ, చివరికి రావడమే మానుకుందామనుకుంది. నాకు కళ్లలో నీళ్లొచ్చాయి, చేతులు తొడల కిందే ఉన్నాయి కాబట్టి తుడుచుకోలేదు.

ఆపా మాత్రం గొంతు మార్చలేదు. "గింతేనా? దీనికి నెట్ ఎందుకు? ముందు వోయినది జరసేపు ఆగి, ఎనకున్నదానికి ఇస్తది" అని, పక్కన ఉన్న మిషన్‌కు అప్‌డేట్ పంచే మీట ఎక్కడుందో అక్షరకు చూపించింది. రెండు మిషన్లనూ దగ్గరగా పెట్టించింది. తెర మీద సన్నటి గీత నిండడం మొదలైంది. మెల్లగా నిండుతోంది, మహా మెల్లగా. నా ప్రాణం పోతోంది. లేచి నడవబోతే ఆపా నా భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. "సబర్, జర ఓపిక వట్టు. గిప్పుడే పనైతాంది" అంది చిన్నగా.

అప్పటికి గానీ నాకు అటు చూడాలని తోచలేదు. గీత సగానికి రాకముందే తండ్రీకూతుళ్లు మాట్లాడుకుంటున్నారు. ఆట గురించి కాదు. స్కూల్లో కొత్త లెక్కల టీచర్ గురించి, ఆయన బస్సులో రోజూ నిద్రపోయే ఒక బుడ్డోడి గురించి. "నేను నెట్ పెట్టిచ్చుకుంట" అని ఆయనంటే, "వద్దు డాడీ. ఎప్పుడొచ్చినా నేనే ఇస్త" అంది పిల్ల. గీత నిండింది. రెండు మిషన్లూ ఒక్కసారే టింగుమన్నాయి. అక్షర నవ్వడం అప్పుడే చూశాను.

కొన్ని నెలలకు నర్సింహ ఒక్కడే మళ్లీ వచ్చాడు. గదికి నెట్ పెట్టించుకున్నాడట. ఇంకేం, మంచిదే కదా అన్నాను.

"మంచిగ లేదమ్మా. పాప వచ్చెటాళ్లకు గిదే అప్‌డేట్ జేసుకుంటాంది. మొన్న ఐతారం, 'ఇగ నా దగ్గర తీస్కోవా డాడీ?' అని అడిగింది" అన్నాడు. మిషన్ బల్ల మీద పెట్టి, "దానంతట అది చేసుకోకుంట బంద్ జెయ్యుండ్రి" అన్నాడు.

ఆపా దాన్ని ముట్టుకోలేదు, నావైపు జరిపింది. సెట్టింగుల్లో ఒక్క మీట, రెప్పపాటు పని. దాన్ని ఎంత నిదానంగా చేశానంటే, ఆపా చాయ్ గ్లాసు కింద పెట్టి నన్నే చూస్తూ ఉండిపోయింది.

రోడ్డు వెడల్పులో ఆ మెట్లూ, ఆ దుకాణం పోయాయి. ఆపా జహీరాబాద్‌లో కూతురి దగ్గర ఉంటోంది. ఫోన్ చేస్తే ఇప్పుడు అక్కడి బస్సు కండక్టర్ల సంగతులు చెబుతుంది. నేను కొంపల్లిలోనే ఒక కంపెనీ సర్వీస్ సెంటర్‌లో పనిచేస్తున్నాను. అక్కడ టోకెన్ తీసుకున్న ఒక్క మనిషినే లోపలికి రానిస్తారు. రెండోవాళ్లనూ పిలుచుకు రమ్మంటానని మా మేనేజర్‌కు నా మీద కోపం.

నిన్న గోంగూర సగంలో ఉండగానే నిత్య లోపలికి వచ్చింది, ముఖం గంటు పెట్టుకుని. "అమ్మా, రెహాన్ కావాల్ననే ఆఫ్ జేసిండు. నాతోని ఆడనీకె ఇష్టం లేదు వానికి."

"వాడన్నడా గట్లని?"

"అనలే. నాకు ఎరికే."

మిషన్ నా ముందుకు చాపింది. నా వేళ్లు అప్పటికే దానివైపు వెళ్తున్నాయి.

"రెండోది తెచ్చినవా?" అని అడిగాను.

"లేదు."

"పొయ్యి తీస్కరా. రెహాన్‌ను గూడ పిలువు."

మిషన్ బల్ల మీద పెట్టేసి, కాళ్లు టపటపలాడించుకుంటూ మెట్లు దిగింది. దాని తెర వెలుగుతూనే ఉంది, ఇంకా వెతుకుతూనే ఉంది. వాళ్లిద్దరూ పైకి వచ్చేదాకా చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. ఇప్పటికీ నాకది కష్టంగానే ఉంది.