నేను రాయని రెండు వాక్యాలు

ఉచితంగా బ్లాగు పెట్టుకోవచ్చని ఎవరైనా సంబరంగా చెబితే నాకిప్పుడు ఒళ్లు మండుతుంది. అలాగని అందులో మంచి లేదని అబద్ధమాడను. పైసా ఖర్చు లేదు. తెలుగులో హాయిగా రాసుకోవచ్చు, ఫొటోలు పెట్టుకోవచ్చు. ఎప్పుడో రాసింది కూడా వెతికితే దొరుకుతుంది. చర్ల దగ్గర మిరప పండించుకునే నాలాంటి దాని మాటను కుసుమంచిలో ముక్కూమొహం తెలియని రైతు ఒకాయన చదివి, "మేడం, మీరు చెప్పినట్టే చేశాను, నారు నిలబడింది" అని కింద రాసేవాడు. అబ్బో, అది చూసిన రోజు కాళ్లు నేల మీద నిలిచేవి కావు. ఆయన ప్రతి పోస్టు కిందా ఏదో ఒకటి రాసేవాడు.

మా వైపు పక్క చేనులో మందు వాసన వస్తే చాలు, గట్టు దగ్గరకొచ్చి "ఏం కొట్టినవ్?" అని అడుగుతారు. అడిగినవాళ్లకు నిజం చెప్పాలి. ఖమ్మం మిర్చి యార్డులో పలికిన ధర గురించి ఎన్ని కోతలు కోసినా ఎవరూ పట్టించుకోరు. మందు దగ్గర అబద్ధమాడితే మాత్రం ఊళ్లో మొహం చూడరు. నా బ్లాగు ఆ ప్రశ్నకు జవాబుగానే మొదలైంది. నా చేనులో కొట్టి, పూతా కాయా చూసుకున్నాకే రాసేదాన్ని. పనిచేయకపోతే పనిచేయలేదనే రాసేదాన్ని.

దాన్ని పెట్టించింది నా తమ్ముడు, పిన్ని కొడుకు. చర్లలో పురుగుమందుల దుకాణం నడుపుతాడు. మా ఊళ్లో సిగ్నల్ వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. ఖాతా తెరవడానికి రావలసిన కోడ్ నా ఫోనుకు చచ్చినా రాలేదు.

"నా నంబర్ పెడదాం తియ్యక్కా. నువ్వు రాసుడు చూస్కో, మిగిలిన తలకాయనొప్పంతా నాది" అన్నాడు.

ఎంత మంచివాడో అనుకున్నాను. ఆ రోజు నాటుకోడి కూర వండి పెట్టాను కూడా!

అందులో నాకు అన్నింటికన్నా నచ్చింది ఒకటుంది. పాత పోస్టును ఎప్పుడైనా తెరిచి దిద్దుకోవచ్చు. పైనున్న తేదీ మారదు, దిద్దినట్టు చదివేవాళ్లకు తెలియదు. అచ్చులో పడితే ఈ భాగ్యం ఉంటుందా అని మురిసిపోయేదాన్ని. తీరిక దొరికినప్పుడల్లా పాతవి తెరిచి అచ్చుతప్పులు సరిచేసుకునేదాన్ని.

మా చేను పక్కనే ఒక పెద్దమ్మ కౌలుకు మిరప వేస్తుంది. చుట్టరికమేమీ లేదు, పిలుపుకే పెద్దమ్మ. చదువు రాదు. కోడలు సెల్లులో నా పోస్టులు చదివి వినిపిస్తుంటే, తాలు కాయలు ఏరుకుంటూనే వినేది. "మల్లొకసారి చదువు" అని కోడల్ని విసిగించేది. కిందటేడు మిరప నిండు పూత మీదున్నప్పుడు ఒక పొద్దున ఇద్దరూ మా వాకిట్లోకి వచ్చారు. పెద్దమ్మ కొంగు విప్పింది. కొంగు నిండా రాలిన పూత. అది నిలిస్తేనే ఆమెకు ఆ ఏడు కాయ.

"గిట్ల రాలిపోయింది బిడ్డా. నువ్వు చెప్పిన మందే కొట్టిన" అంది.

"నేనేం మందు చెప్పిన పెద్దమ్మా?"

కోడలు ఫోను తీసి చూపించింది. నల్ల తామర పురుగు మీద నేనెప్పుడో రాసిన పోస్టు. పైన నా మాటలు, కింద నా మాటలు. నడుమ, నేను విననైనా వినని ఒక మందు పేరూ, దాని వెనక రెండు వాక్యాలూ ఉన్నాయి. "ఇది నా చేనులో నేనే కొట్టి చూశాను. ఒట్టు, మళ్లీ పురుగు కనిపిస్తే నన్నడగండి." మాటకు ముందు ఒట్టు అనడం నా అలవాటు. దాన్ని కూడా వదల్లేదు! తేదీ పాతదే. కింద రైతులు ఎప్పుడో పెట్టిన దండాలన్నీ ఇప్పుడా మందుకే పెట్టినట్టున్నాయి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, నాకు అంతసేపేమీ పట్టలేదు. ఆ కోడ్ వెళ్లేది ఒక్క ఫోనుకే.

ఆటో ఎక్కి చర్లకు వెళ్లాను. దుకాణంలో ఆ మందు సీసాలు ముందు వరసలోనే ఉన్నాయి.

"ఏందిరా ఇది?" అన్నాను.

"ఏందక్కా గంత లొల్లి? రెండు లైన్లే గద."

"గవి నేను రాసినట్టే ఉన్నయ్ రా!"

"నువ్వు రాసినట్టుంటేనే గదక్కా నమ్మేది" అని నవ్వాడు. "మందు మంచిదే. ఆమెనే ఎక్కువ కలిపి ఉంటది."

నవ్వాడు! చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవాళ్లను చూశాను గానీ, చెట్టు చేతనే ఒట్టేయించి అమ్మినవాణ్ని వీణ్నే చూశాను. వాడికి నేను చిన్నప్పుడు గోరుముద్దలు తినిపించాను. బేరానికొచ్చిన రైతుల ముందే నోటికొచ్చినట్టు తిట్టాను. ఆ రెండు లైన్లు తీసెయ్యమంటే "సూద్దాం తియ్" అన్నాడు. సాయంత్రానికి పాస్‌వర్డ్ మారిపోయింది. నా బ్లాగులోకి నేనే పోలేకపోయాను.

బ్లాగులు నడిపే కంపెనీ వాళ్లకు జరిగిందంతా ఏడుస్తూ రాశాను. మనిషెవరూ చదివినట్టు లేదు. ఖాతా ఏ నంబరు మీదుంటే ఆ నంబరుకే కోడ్ పంపుతామని జవాబొచ్చింది. అన్నేళ్లు రాసిందెవరో వాళ్లకు అక్కర్లేదు. ఇల్లు ఊరికే ఇచ్చారు సరే, తాళంచెవి మాత్రం మా తమ్ముడి జేబులో ఉంది. మళ్లీ రాశాను. మళ్లీ అదే జవాబు.

ఖమ్మం వెళ్లినప్పుడు నా నంబరుతోనే కొత్త బ్లాగు తెరిచాను. ఉన్నదున్నట్టు రాసి, ఆ మందు కొట్టవద్దని వేడుకున్నాను. కింద మొదట మాట్లాడింది ఆ కుసుమంచి రైతే. "మేడంగారి అసలు బ్లాగు మాకు తెలుసు. ఆమె పేరు పెట్టుకుని ఆమె తమ్ముడి మీదే బురద చల్లుతావా? సిగ్గులేదా?" అని రాశాడు. పాపం, నా పరువు కోసం నాతోనే పోట్లాడుతున్నాడు! నేనేనండీ అని జవాబిచ్చాను. నమ్మలేదు.

ఇక పెద్దమ్మ ఒక్కతి నమ్మితే చాలనిపించింది. మిగతా లోకం ఎటుపోయినా సరే, ఆమె చేను నా మాట మీద పాడయిందన్న మచ్చ నాకు వద్దు. వాళ్లింటికి వెళ్లి తమ్ముడి సంగతీ, కోడ్ సంగతీ అన్నీ చెప్పాను. ఆమె చాయ్ పోసిచ్చి, అడ్డుతగలకుండా వింది. కోడలు నా కొత్త పోస్టు తెరిచి చదవబోయింది.

"ఆపు" అంది పెద్దమ్మ. "గది ఆమెనే రాసిందో, ఇంకెవలు రాసిండ్రో ఎవలకెరుక."

"నేనే రాసిన పెద్దమ్మా. నీ ముందటనే కూసున్న గద."

ఆమె నా వైపు చూసింది. మొహంలో కోపం లేదు.

"అవ్ బిడ్డా" అంది. "మొన్న గూడ నువ్వే అనుకున్నం."