నర్సమ్మ సైకిలు సీటు

నల్లపాడు చుట్టుపక్కల పల్లెల్లో పురుళ్ళు పోసే నర్సు కోటిరత్నానికి సైకిలెక్కడం కంటే దిగడమే కష్టంగా ఉండేది. దిగాక కాసేపు హ్యాండిల్ పట్టుకుని, ఎవరికోసమో చూస్తున్నట్టు నిలబడేది. మిరపచేల మధ్య గతుకుల బండిబాటలో ఆ తోలు సీటు మీద కూర్చోలేక సగం దూరం పెడల్స్ మీద నిలబడే తొక్కేది. దూది దిండు కట్టి చూసింది, పాత చీర మడతపెట్టి చుట్టి చూసింది. రెండూ జారిపోయాయి. సైకిల్ షాపు బుల్లయ్య, "ఎక్కడ ఒత్తుకుంటందమ్మా?" అని అడిగినప్పుడల్లా "అంతానూ" అనేసి, గాలి కొట్టించుకుని వెళ్ళిపోయేది.

ఒకనాడు బుల్లయ్య భార్య పేరమ్మ ఆమెను ఇంట్లోకి పిలిచింది. "ఊళ్ళో ఆడాళ్ళం అన్నీ నీకు చెప్పుకుంటాం గదమ్మా, నువ్వు నాకొక్కదానికి చెప్పుకోలేవా?" అంది. కోటిరత్నం తల వంచుకుని, మెల్లగా చెప్పింది. పేరమ్మ బయటికొచ్చి మొగుడితో, "వెడల్పాటి స్ప్రింగుల సీటు బిగించు. దాని ముందు మూతి కాస్త కిందికి వంచు. ఇంకేం అడగమాక," అంది.

ఆ సాయంత్రం కోటిరత్నం కూర్చునే తొక్కింది. ఇన్నేళ్ళ మంట లేకపోయేసరికి, నిలబడి తొక్కీ తొక్కీ మోకాళ్ళు ఎంతగా అరిగిపోయాయో ఊరు దాటాక ఆమెకు మొదటిసారి తెలిసింది. అయినా దిగబుద్ధి కాలేదు.